పదిహేడో పెట్టె పై కాగితం

ఫిబ్రవరి 6

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. పిచ్చుకకి జ్వరం తగ్గిందని చదివాక స్థిమితపడ్డాను. పన్నెండేళ్ళు వచ్చినా పెద్దమ్మ ఇంకా పిచ్చుక అంటోందని దానికి కోపమట కదా. ఇంకో పేరు నా నోటికి రాదు. సర్దుకోమను.

ఇక్కడ అంతా మామూలే. చట్టసభ కార్యాలయం రికార్డు గదిలో ఈ నెలతో నాకు ముప్పై ఒక్క ఏళ్ళు నిండుతాయి. కిటికీ పక్కనున్న చెక్క బీరువాకి చెద పట్టింది. వారం రోజులుగా ఫైళ్ళు దులుపుతున్నాం. తుమ్ములు తప్ప కబుర్లేమీ లేవు.

నువ్వు రాసిన మహిళా సంఘం సంగతి రెండుసార్లు చదివాను. రాజ్యాంగాన్ని మార్చడం పెద్దవాళ్ళ పని. ఆపడం కూడా పెద్దవాళ్ళ పనే. నువ్వు ప్రభుత్వాసుపత్రిలో నర్సువి. ఇంట్లో నువ్వూ పిల్లా తప్ప మూడో మనిషి లేరు. పిచ్చుక నాన్న మిమ్మల్ని వదిలి వెళ్ళిన రోజు నుంచీ నీకు ఒకటే చెబుతున్నాను. ఎవరి కంటా పడకుండా బతుకు. అందులో తప్పేమీ లేదు.

ఇలాంటివి ఫోన్లో మాట్లాడకు. వింటున్నారని మా ఆఫీసులో చెప్పుకుంటున్నారు. ఉత్తరమే రాయి.

రోజూ ప్రార్థనలో మీ ఇద్దర్నీ తలుచుకుంటున్నాను.

అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

ఎవరి కంటా పడకుండా బతకమన్నావు. తెల్ల చీర కట్టుకుని కాన్పుల వార్డులో తిరిగేదాన్ని, ఎవరి కంట పడకుండా ఉండను? పురిటి నొప్పుల్లో ఉన్నావిడ కంటికి నేనొక్కదాన్నే కదా ఆనేది!

నీకు సంగతి సరిగ్గా రాయలేదు. ఇప్పుడు రాస్తాను, తుమ్ముకుంటూ చదువు. మార్పులు మూడు. నాయకుడు ఎన్నేళ్ళయినా కుర్చీ దిగక్కర్లేదు, అది ఒకటి. ఆయన చేసినదాన్ని కోర్టు ప్రశ్నించకూడదు, అది రెండు. మూడోది మనది. స్త్రీ పురుషులు సమానం అన్న వాక్యం కొట్టేసి, కుటుంబ పెద్ద రక్షణలో స్త్రీకి తగిన గౌరవం అని రాస్తారట. కుటుంబ పెద్ద అంటే మగవాడేనని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇల్లు కొనాలన్నా, ఉద్యోగంలో చేరాలన్నా, పిల్లని బడిలో వెయ్యాలన్నా ఆయనగారి సంతకం కావాలి. ఐదేళ్ళుగా పిచ్చుకకి చెప్పుల జత కొని ఎరగని మనిషి రేపు దానికి పెద్ద అవుతాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మా నాన్నా పోతే, చదువు మానేసి నన్ను సాకిన దానివి నువ్వు. ఆ కాగితం లెక్కన నువ్వు ఎవరికీ ఏమీ కావు.

ఆపడానికి దారి ఉందక్కా. పాత నియమమే. లక్ష మంది సంతకం చేసి అభ్యంతరం చెబితే సభలో చేతులెత్తి సరిపెట్టడానికి వీల్లేదు, జనం దగ్గర ఓటు పెట్టాలి. ఇరవై మూడు ఊళ్ళలో సంతకాలు తీసుకుంటున్నారు. మా ఊళ్ళో ఆసుపత్రి వెనక కుట్టుమిషన్ వదిన కొట్టే మా ఆఫీసు. జాకెట్ల గుట్ట ఒక పక్కన, కాగితాల గుట్ట ఒక పక్కన. వదిన నన్ను ఒకటే వేపుకు తినడం. "ఒసేయ్ నర్సూ, ఇంజెక్షన్ పొడిచినట్టు టకామని సంతకం పెట్టించుకుని పోకు. ముందు చదివి వినిపించు, ఏడిస్తే ఓదార్చు, అప్పుడు పెన్నివ్వు" అంటుంది. అందరికీ పైన టీచరమ్మ ఉన్నారు. రిటైరై పదేళ్ళయినా ఇప్పటికీ ఎవరైనా ఆలస్యంగా వస్తే గడియారం కేసి చూస్తారు.

ఊరికి ఒక పెట్టె. పెట్టెలో అన్నిటికన్నా పైన, బాధ్యత తీసుకున్న మనిషి పేరు, ఇంటి అడ్రసు, ఉద్యోగం రాసి సంతకం చేసిన కాగితం ఉండాలి. పై కాగితం అంటున్నాం. అది లేకపోతే పెట్టెని లెక్కించనే లెక్కించరు. దాని మీద ఎవరి పేరు రాద్దాం అని టీచరమ్మ అడిగారు. అందరూ గోడ మీద కొలతల పట్టీ కేసి చూశారు. నేను చెయ్యెత్తాను.

కోప్పడు. కానీ జవాబు రాయి.

నీ చెల్లి


ఫిబ్రవరి 24

చెల్లీ,

కోపం లేదు. భయం ఉంది.

ఆ ఇరవై మూడు పెట్టెలూ వచ్చేది నా గదికే. మూత తీసి పై కాగితం ఉందో లేదో చూడటం, ముద్ర వేయడం, రిజిస్టరులో ఎక్కించడం నా పని. అది నీకు తట్టినట్టు లేదు.

నిన్న సూపరింటెండెంటు నా బల్ల దగ్గరికి వచ్చారు. "మేడమ్, పెట్టెలు రాగానే పై కాగితాలన్నీ కాపీలు తీయించండి. ఒక సెట్టు పై ఆఫీసుకి" అన్నారు. ఏ ఆఫీసని అడిగాను. ఆయన నవ్వారు. "పాపం, మనకి శ్రమ లేకుండా ఎవరికి వాళ్ళే అడ్రసులు రాసి ఇస్తున్నారు" అన్నారు. నవ్వుతూ అన్న మాట కాబట్టే నాకు నిద్ర పట్టలేదు.

ఇంకెవరి చేతనైనా సంతకం చేయించు. ఉద్యోగం లేనివాళ్ళు, ఇంట్లో తోడున్నవాళ్ళు చాలామంది ఉంటారు. నిన్ను తీసుకెళితే పిచ్చుకని ఆ మనిషి వచ్చి పట్టుకుపోతాడు. దేవుడి మీద ఆన, నిన్నేమీ మానేయమనడం లేదు. పేరు మాత్రం మార్చు.

అక్క


మార్చి 3

అక్కా,

పేరు మార్చను. ఎవరి పేరు వెయ్యమంటావు? కుట్టుమిషన్ వదినకి ముగ్గురు పిల్లలు, నాకు ఒకతే. లెక్క చూసుకున్నా నేనే చవక.

మీ సూపరింటెండెంటు నవ్వితే నవ్వుకోనీ. అడ్రసు రాయడానికి భయపడే వాళ్ళ అభ్యంతరం ఎవరు వింటారు? పొద్దుటా సాయంత్రం నువ్వు దేవుడికి విన్నపాలు చేసుకుంటావే, ఎప్పుడైనా పేరు దాచి చేసుకున్నావా?

నువ్వు బెంగపెట్టుకోవద్దని ఒక మంచి మాట రాస్తాను. లక్ష కాదక్కా, లక్షా ఇరవై వేలు దాటుతున్నాయి! మా ఊరిది ఒక్కటీ పక్కన పెట్టేసినా దర్జాగా గట్టెక్కుతాం. అంతమందిలో నా ఒక్కదాని కోసం పనిగట్టుకుని ఎవరొస్తారు చెప్పు? నిన్న పెట్టె కట్టేశాం. నా చేత్తో పై కాగితం రాశాను, సిరా ఆరేదాకా ఊదాను, మూత కింద పెట్టాను. వదిన పురికొసతో కట్టి, "ఆడపిల్లని అత్తారింటికి పంపినా ఇంత జాగ్రత్తగా పంపలేదమ్మా" అంది. పదో తారీకున టీచరమ్మ అన్ని ఊళ్ళ పెట్టెలూ వ్యానులో వేసుకుని మీ దగ్గరికి వస్తారు. ఆవిడకి మంచినీళ్ళివ్వు. నువ్వెవరో చెప్పకులే.

నీ చెల్లి


మార్చి 14

చెల్లీ,

పెట్టెలు వచ్చాయి. టీచరమ్మకి మంచినీళ్ళిచ్చాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఇరవై మూడు పెట్టెలు ముట్టినట్టు రసీదు రాసి ఇస్తే, కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదువుకుని వెళ్ళారు.

మీ ఊరిది పదిహేడో పెట్టె. నీకేమీ కాదు. ఇక ఆ విషయం మనసులో నుంచి తీసేయి. పిల్ల చదువు చూసుకో. పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, దానికి కళ్ళు చూపించు. బోర్డు మీద అక్షరాలు కనబడటం లేదని పోయిన ఉత్తరంలో అదే రాసింది.

నా మోకాలి నొప్పి మామూలే.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

నీకు తెలిసే ఉంటుంది. మీ గదిలోంచే కదా వచ్చింది ఆ ప్రకటన.

తొంభై ఎనిమిది వేల రెండు వందల ఆరు. లక్షకి తక్కువ. లక్షా ఇరవై వేలని నేను గొప్పగా రాశానే, అది వదిన కొట్లో చెప్పుకున్న లెక్క. ఒకరి కాగితం రెండు చోట్ల చేరినవీ, తడిసినవీ టీచరమ్మ ముందే ఏరి తీసేశారట. లెక్కకి పంపింది లక్షా మూడు వేల చిల్లర. అందులో మా ఊరివి ఐదు వేల పైన. పదిహేడో పెట్టెలో పై కాగితం లేదు, కాబట్టి లెక్కించలేదు అని రాశారు.

లేకపోవడమేమిటక్కా? నేను పెట్టాను. నా చేత్తో పెట్టాను.

అది చాలనట్టు ఆదివారం పొద్దున్నే మనుషుల్ని తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఒక్కో ఊళ్ళో పై కాగితం మీద పేరున్న వాళ్ళని. వ్యాను మీద పెట్టెలు తెచ్చినందుకు టీచరమ్మని కూడా. ఇరవై రెండు ఊళ్ళలో ఇరవై రెండు మంది. నా గుమ్మం మాత్రం ఎవరూ తొక్కలేదు. చీర కట్టుకుని, సంచీ సర్దుకుని, పిచ్చుకని వదిన ఇంటికి పంపించి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

సాయంత్రం వదిన కొట్టుకి వెళ్ళాను. నేను గుమ్మంలో నిలబడగానే పిచ్చుక పుస్తకాల సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది వదిన. "అందర్నీ తీసుకెళ్ళారు. నిన్నొక్కదాన్నే ఎందుకు వదిలేశారే? నీ కాగితమే ఎందుకు లేదే?" అంది. అరవలేదు, మెల్లిగానే అడిగింది. ఎంత ముట్టిందని వెనకనుంచి ఇంకెవరో అన్నారు.

ఏం చెప్పను? నువ్వు అక్కడ ఉన్నావు కదా. ఆ పెట్టె మూత తీసినప్పుడు నీ పక్కన ఎవరున్నారు? ఏమైంది? నిజం రాయి.

నీ చెల్లి


ఏప్రిల్ 9

చెల్లీ,

పెట్టెలు చాలా ఉన్నాయి. పని ఒత్తిడి ఉంది. ఏది ఎలా జరిగిందో చెప్పడం కష్టం. కట్టేటప్పుడు హడావిడి పడి ఉంటారు. పెట్టాననుకుని పెట్టకపోయి ఉండవచ్చు. అలా ఎవరికైనా జరుగుతుంది.

నువ్వు ఇంట్లో ఉన్నావు. పిల్ల దగ్గర ఉన్నావు. అది చాలు. మనుషుల మాటలు నాలుగు రోజులే. సెలవులివ్వగానే ఇద్దరూ నా దగ్గరికి వచ్చేయండి.

ప్రార్థన చేసుకో. నేనూ చేస్తున్నాను.

అక్క


మే 5

అక్కా,

సెలవులకి రాలేం. పిచ్చుక తనే వద్దంది. ఊరు వదిలిపోతే నిజమే అనుకుంటారు అంది. పన్నెండేళ్ళది.

సభలో నెగ్గించుకున్నారు. చప్పట్లు రేడియోలో విన్నాను. మర్నాడే ఆసుపత్రికి ఆర్డరు వచ్చింది. ఆడమనిషికి ఏ ఆపరేషన్ చేయాలన్నా కుటుంబ పెద్ద సంతకం ఉండాలి. ఆమె సంతకం ఇక పనికిరాదు.

పోయిన శుక్రవారం ఇస్త్రీ బండి ఆవిడ వచ్చింది. మా సందు చివరే ఉంటుంది. బిడ్డ అడ్డం తిరిగింది. కడుపు కోసి తీయాలి, అరగంట పని. డాక్టరమ్మ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది. మొగుడు లారీ మీద వెళ్ళాడు, ఫోను పలకదు. బావగారికి కబురు పెట్టాం. ఆయన పని వదిలి, భోజనం చేసి వచ్చాడు. అప్పటికి రెండున్నర గంటలు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నర్సమ్మా, నాకు రాతొచ్చు కదా, నేను పెడతాను కదా సంతకం, కాగితం ఇటివ్వండి" అంటూనే ఉంది. సూపరింటెండెంట్ డాక్టరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. బిడ్డ దక్కింది. ఆవిడ దక్కలేదు.

మా పెట్టెలో ఆవిడ కాగితం కూడా ఉందక్కా. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని సంతకం చేసింది. నేనే చదివి వినిపించాను.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి రోజూ గుర్తుచేసుకుంటున్నాను. కాగితం రాశాను, ఊదాను, పెట్టాను. పెట్టానా? నువ్వే మర్చిపోయి ఉంటావన్నావంటే నిజమే అయి ఉంటుంది. నువ్వు అబద్ధం ఆడవు. నీ నోట ఒక్కసారి కూడా వినలేదు. అంటే నా చెయ్యే నన్ను మోసం చేసింది. ఇప్పుడు వార్డులో మందు సిరంజిలోకి తీస్తే నాకు నమ్మకం ఉండటం లేదు. ఒకటికి మూడుసార్లు చూస్తున్నాను. మొన్న ఒకావిడకి ఇవ్వాల్సింది ఇచ్చానో లేదో తెలియక అలా గోడకి ఆనుకుని నిలబడిపోయాను. నన్ను వార్డు నుంచి తీసేసి బట్టల స్టోరులో వెయ్యమని నేనే అర్జీ పెట్టుకున్నాను. పదహారేళ్ళలో ఇంతమంది బిడ్డల్ని పట్టుకున్న చేతులు ఇక దుప్పట్లు లెక్కపెడతాయి.

వదిన నేను ఎదురొస్తే రోడ్డు దాటి అటు వెళ్ళిపోతోంది.

నీ చెల్లి


మే 12

చెల్లీ,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. మీ ఊరి బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. కూర్చుని చదువు.

నువ్వు కాగితం పెట్టావు. నీ చెయ్యి నిన్ను మోసం చేయలేదు. తీసింది నేను.

మార్చి పదో తారీకు మధ్యాహ్నం పదిహేడో పెట్టె మూత తీశాను. అలవాటు ప్రకారం ముందు ముద్ర వేశాను. తరవాత పేరు చదివాను. నీ దస్తూరీ. ఇంటి అడ్రసు, ఆసుపత్రి పేరు, వార్డు నంబరు కూడా రాశావు. గుమాస్తా కాపీలు తీయించడానికి మిగతా కాగితాలు పట్టుకెళ్ళాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నీది మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. రిజిస్టరులో ఆ పెట్టెకి ఎదురుగా, పై కాగితం లేదు అని రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ పుస్తకంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

లక్షా ఇరవై వేలని రాశావు. మీ ఊరిది పక్కన పెట్టినా గట్టెక్కుతామని రాశావు. ఆ మాట పట్టుకున్నాను. నీ మీద తప్పు తోయడానికి చెప్పడం లేదు. ఒక పెట్టె పోతే ఏమీ కాదని, నువ్వు మాత్రం మిగులుతావని అనుకున్నాను. ఇరవై రెండు మందిని తీసుకెళ్ళారని విన్నప్పుడు నా పని మంచిదే అయిందనుకున్నాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అది కూడా నీకు తెలియాలి.

నువ్వు ఏప్రిల్లో నిజం రాయమన్నావు. అప్పుడే రాయాల్సింది. నువ్వే మర్చిపోయి ఉంటావని రాశాను. కాగితం దాచినదానికన్నా అది పెద్ద తప్పు. మోకాళ్ళ మీద కూర్చుంటే ఇప్పుడు ప్రార్థన రావడం లేదు. ఇస్త్రీ బండి ఆవిడ అడుగుతున్న మాటే వినబడుతోంది.

కాగితం చించలేదు. చింపడం నాకు చేతకాదు. నా దగ్గరే ఉంది. పదిహేడో పెట్టె కూడా లెక్కించకుండా ర్యాకులో ఉంది. తిరస్కరించినవి జూలై మొదటి వారంలో కాగితం మిల్లుకి వెళ్తాయి. లెక్క తప్పని మీ వాళ్ళు వేసిన కేసు జూన్ పద్దెనిమిదిన విచారణకి వస్తోంది. వాళ్ళ లాయరమ్మ చేతిలో రసీదు తప్ప ఏమీ లేదు. నేను వెళ్ళి కాగితం ఇచ్చి, జరిగింది చెబితే పెట్టె తెరవాల్సి వస్తుంది. నీ మీద పడిన నింద పోతుంది. నీ పేరు, అడ్రసు వాళ్ళ చేతికి వెళ్తాయి. ఉద్యోగం పోవచ్చు. నిన్ను తీసుకెళ్ళవచ్చు. పిచ్చుక సంగతి కూడా నువ్వు ఆలోచించుకోవాలి. ఇవ్వకపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది.

నా సంగతి ఇందులో లెక్కలోకి తీసుకోకు.

ఒకసారి నీ బదులు నేను నిర్ణయించాను. ఈసారి నిర్ణయించను. సంతకం నీది. ఏం చేయమంటావో నువ్వు చెప్పు.

అక్క


మే 19

అక్కా అని రాయడానికి వారం పట్టింది.

తీసుకెళ్ళు. కాగితం తీసుకెళ్ళి ఇచ్చెయ్యి. అది నాది. ఐదు వేల మందిది. ఏనాడూ నీది కాదు.

నన్ను కాపాడాననుకున్నావు. నెల రోజులు నాకు పిచ్చి పట్టిందనుకున్నాను. నా చేతుల్ని నేనే నమ్మలేక వార్డు వదులుకున్నాను. నా చేత్తో పెట్టాను, నిజం రాయమని ఏప్రిల్లోనే నీకు రాశాను కదా. నువ్వది చదివి ఎలా ఊరుకున్నావు? అన్నం ఎలా తిన్నావు?

ఆ చట్టం సభలో నెగ్గింది ఏప్రిల్ ఆఖర్న. నువ్వు మార్చి పదిన దాన్ని మన ఇంట్లో అమలుచేశావు. చిన్నదానికి ఏం తెలుసు, దాని మంచికే కదా, దాన్ని అడిగేదేమిటి. అక్షరం తేడా లేదు. వాళ్ళు ఆడదాని సంతకం చెల్లదంటున్నారు. నువ్వు నీ చెల్లెలి సంతకాన్ని జాకెట్లో పెట్టుకుని ఇంటికి పోయావు.

నీ ఉత్తరం పట్టుకుని వదిన కొట్టుకి వెళ్ళాను. మిషన్ ఆపలేదు. చదువుతానంటే చదువుకో అంది. మొత్తం చదివాను. చివరికి వచ్చేసరికి మిషన్ ఆగి ఉంది. "ముప్పై ఏళ్ళుగా పొద్దస్తమానం దేవుణ్ణి అడుగుతుందన్నావు కదే మీ అక్క. నిన్నొక్క మాట అడగలేకపోయిందా?" అంది. తరవాత లేచి వచ్చి నా తల తన కడుపుకి ఆనించుకుంది. నువ్వు చేసిందేమిటో ఆవిడ పట్టుకున్నాకే నాకు తెలిసింది. నువ్వు నాకు మా మనుషుల్ని లేకుండా చేశావు.

పిచ్చుక వదిన దగ్గర ఉంటుంది. దానికి అంతా చెప్పాను. నిన్ను తిట్టలేదు. నీకు ఉత్తరం రాయనని మాత్రం అంది.

పద్దెనిమిదిన నేను కూడా వస్తాను. నా సంతకం నాదేనని నేనే చెప్పుకుంటాను. అక్కడ నాతో మాట్లాడకు.


జూన్ 29

చెల్లీ,

ఇక్కడి ఉత్తరాలు చదివి పంపుతారు. అందుకని చెప్పగలిగినంత రాస్తున్నాను.

కోర్టులో నువ్వు మాట్లాడొద్దన్నావు. మాట్లాడలేదు. నువ్వు వెనక వరసలో స్తంభం పక్కన కూర్చున్నావు. చిక్కిపోయావు. ప్రభుత్వ లాయరు నన్ను, "చెల్లెలి పరువు కోసం ఇప్పుడు పుట్టించారు కదమ్మా ఈ కాగితాన్ని?" అని అడిగాడు. కాగితం మీద ముద్ర చూడమన్నాను. మార్చి పది తారీకు, వరస నంబరు పడి ఉన్నాయి. "ముద్ర వేశాక పేరు చదివారా, చదివాక ముద్ర వేశారా?" అన్నాడు. వేశాకే చదివాను, ముందే చదివి ఉంటే ముద్ర వేసేదాన్ని కాదు అన్నాను. వెనక ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. ఏడ్చారేమో, నాకు తెలియలేదు.

తరవాత నిన్ను పిలిచారు. సంతకం మీదేనా అని జడ్జి అడిగారు. నాదే, ఇంటి అడ్రసు కూడా అదే, మారలేదు అన్నావు. నీ గొంతు ఆ హాలంతా వినబడింది. చిన్నప్పుడు బళ్ళో పద్యం అప్పచెప్పాలంటే నా కొంగు చాటున నిలబడే పిల్లవి నువ్వు. అది ఎవరు నేర్పారో నాకు తెలుసు. నేను కాదు.

పెట్టె అందరి ఎదురుగా తెరిచారు. మూడు రోజులు లెక్కపెట్టారట. ఐదు వేల రెండు వందల పదిహేడు. మొత్తం లక్షా మూడు వేల నాలుగు వందల ఇరవై మూడు. లక్ష దాటింది. కానీ కొత్త చట్టం ఇప్పటికే అమల్లో ఉంది కాబట్టి, నాయకుడి నిర్ణయాన్ని అడిగే అధికారం కోర్టుకి ఇంకా ఉందో లేదో ముందు తేల్చాలన్నారు. ఆగస్టుకి వాయిదా పడింది. ఇవన్నీ నీకు తెలిసినవే. నా చేత్తో ఒకసారి సరిగా రాయాలనిపించి రాశాను.

రికార్డు మార్చినందుకు నన్ను అక్కడినుంచే జైలుకి తీసుకొచ్చారు. ఉద్యోగం, పెన్షను పోయినట్టు కాగితం ఇచ్చారు. నిన్ను సస్పెండు చేశారని, రోజూ స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టి వస్తున్నావని, లాయరమ్మ నోట విని టీచరమ్మ చెప్పారు. ఆవిడ ఇదే గదిలో ఉన్నారు. పద్నాలుగు మందిమి. వచ్చిన రోజున నేనెవరో చెప్పుకున్నాను. మంచినీళ్ళిచ్చిన అమ్మాయివి కదూ అన్నారు. నన్ను అమ్మాయి అని ఈ మధ్య ఎవరూ అనలేదు. మీ ఇరవై రెండు మందిలో ముగ్గురు ఇక్కడే ఉన్నారు. నాతో మాట్లాడరు. నా చాప మాత్రం గోడవైపుకి, చెమ్మ తగలని చోటికి జరిపారు.

ఇక్కడ చేర్చుకునేటప్పుడు కుటుంబ పెద్ద ఎవరని అడిగారు. మగవాళ్ళెవరూ లేరన్నాను. "ఎవరో ఒకరి పేరు చెప్పండమ్మా, గడి ఖాళీగా ఉంటే కాగితం ముందుకు పోదు" అని గుమాస్తా బతిమాలాడు. ఖాళీగానే ఉంచమన్నాను. కాగితం ఇంకా ముందుకు పోలేదు.

ప్రార్థనకి కూర్చుంటున్నాను. ఏమీ అడగడం లేదు. ఇస్త్రీ బండి ఆవిడ బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతోందో తెలిస్తే బాగుండునని మాత్రం అనిపిస్తోంది. మగబిడ్డో ఆడబిడ్డో నువ్వు రాయలేదు.

నన్ను క్షమించమని రాయను. అది అడిగితే ఇవ్వాలేమో అని నువ్వు అనుకుంటావు.

ఒక చిన్న పని ఉంది. చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఒక చీటీ ఇచ్చారు. ఒక్క పేరే రాయాలి. ఆ పేరు, ఇంటి అడ్రసు పై ఆఫీసుకి పంపి, వాళ్ళు ఒప్పుకున్నాకే లోపలికి రానిస్తారు. నాకు రాయడానికి ఒక్క పేరే ఉంది. నిన్ను అడగకుండా రాయను.

రాయమంటే రాయమని ఒక ముక్క పంపు. వద్దనుకుంటే జవాబు రాయనక్కర్లేదు. చీటీ నా దగ్గరే ఉంటుంది.

అక్క